దేవగిరి కోట ఎక్కాలంటే: నాందేడ్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు

ధర్మాబాద్‌లో పుట్టి పెరిగినవాడికి దేవగిరి అంటే ముందు రైలే గుర్తొస్తుంది. సికింద్రాబాద్ నుంచి చుట్టాలు దిగేది ఆ బండిలోనే, బొంబాయికి పోయేవాళ్లను ఎక్కించేదీ ఆ బండిలోనే. ఆ పేరుతో ఒక కోట ఉందని, ఇవే పట్టాల మీద ఔరంగాబాద్ దాకా పోతే చాలని నాకు తట్టేసరికి పెళ్లయి ఇద్దరు పిల్లలు.

ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి చేయాల్సిన తప్పులన్నీ చేశాం. షిర్డీ, శని శింగణాపూర్, వేరూళ్ (అంటే ఎల్లోరా), ఔరంగాబాద్: మన దిక్కు అందరూ మాట్లాడుకునే ప్యాకేజీనే. పద్నాలుగు మందిమి, ఒక టెంపో, మే నెల. కోట ముందు ఆగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. "పాఊణ్ తాస్" అన్నాడు డ్రైవర్. ముప్పావు గంట! నల్లరాయి పొయ్యి మీది పెనంలా ఉంది. రెండో దర్వాజా దాటకముందే మా అత్తమ్మ "ఇగ నాతోని కాదు బిడ్డా" అని నీడ చూసుకుని కూర్చుంది. మీనార్ ముందు ఫొటో దిగి వెనక్కి వచ్చేశాం. ఇంట్లో ఫ్రేము కట్టిన ఆ ఫొటోలో అందరి కళ్లూ ఎండకు మూసుకునే ఉంటాయి.

అందుకే మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి: ఈ కోటకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. ఎల్లోరాకు పోయే దారిలోనే ఉంది కదా, చూసేసి పోదాం అనుకుంటే రెండూ పోతాయి. శత్రువు వేగంగా పైకి రాకుండా చేయడానికే కట్టిన కోట ఇది. తొందరపడేవాళ్ల మీద దానికి ఇప్పటికీ పగే.

ఎప్పుడు పోవాలి, ఎట్లా పోవాలి

దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. శ్రావణ భాద్రపదాల్లో గుట్ట పచ్చగా, మబ్బులు తగులుతూ బాగుంటుంది గానీ మెట్లు పాచిపట్టి జారుతాయి. ఎండాకాలం సంగతి చెప్పాను. ఆదివారాలు, సెలవు రోజులు వద్దు. చీకటి దారి ఒకటుంది, అందులో ముందు నూరు మంది, వెనక నూరు మంది ఉంటే ఊపిరాడదు. ఎల్లోరా గుహలకు మంగళవారం సెలవు, కోటకు లేదు. కాబట్టి మంగళవారం కోట, బుధవారం ఎల్లోరా పెట్టుకుంటే రెండూ కుదురుతాయి. నా రెండో ప్రయాణం అట్లాగే చేశాను, కోటలో జనం పలచగా ఉన్నారు.

ధర్మాబాద్, ఉమ్రి, ముద్ఖేడ్, నాందేడ్ వాళ్లకు రైలే సుఖం. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే రాత్రికి ఔరంగాబాద్. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిలు చాలా ఉన్నాయి. రాత్రి పడుకుని పొద్దున్నే కోటకు బయలుదేరడం నాకు నచ్చిన పద్ధతి. ధర్మాబాద్ నుంచే తెల్లవారుజామున కదిలే మరాఠ్వాడా ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది, కానీ అది చేర్చేసరికి పొద్దెక్కుతుంది. కిన్వట్ వైపు వాళ్లు నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ చూసుకోవచ్చు. షోలాపూర్ మన పద్మశాలీ బంధువులకు తుల్జాపూర్, బీడ్ మీదుగా రోడ్డే దగ్గర. రైళ్ల వేళలు మారుతుంటాయి, బయలుదేరే వారంలో ఒకసారి చూసుకోండి. ఊరి పేరు ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్. మన నోటికి ఇంకా ఔరంగాబాదే వస్తుంది, టికెట్ తీసేటప్పుడు మాత్రం కొత్త పేరుతో కూడా వెతకండి.

ఊరి నుంచి కోట 15 కిలోమీటర్లు. సెంట్రల్ బస్‌స్టాండ్‌లో వేరూళ్, ఖుల్దాబాద్, కన్నడ్ వైపు పోయే ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సు ఎక్కి "దౌలతాబాద్ కిల్లా" అంటే గేటు ముందే దింపుతారు, దేవగిరికి ఇప్పటి పేరు అదే. నలుగురైదుగురు ఉంటే ఆటో మాట్లాడుకోండి, కానీ ఆగే టైము ముందే తేల్చుకోండి. నాలుగు గంటలు అని చెప్పండి. వాడు నవ్వితే నవ్వనివ్వండి.

సంచిలో ఏముండాలి

బూట్లు. ఇందులో బేరం లేదు. పైకి సుమారు 750 మెట్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తు, కొన్ని పాదాల రాపిడికి నున్నగా అయిపోయాయి. మా తమ్ముడి భార్య కొత్త చెప్పులతో వచ్చి, సగం దారిలో పట్టీ తెగి, మిగతాదంతా వట్టికాళ్లతో దిగింది.

మనిషికి లీటరున్నర నీళ్లు. టార్చి. ఫోన్ లైటు సరిపోతుంది గానీ ఒక చెయ్యి దానికే పోతుంది, చీకట్లో రెండు చేతులూ కావాలి. తలకు కట్టుకునే లైటు ఉంటే మేలు. చార్జింగ్ నిండుగా పెట్టుకోండి, ఎందుకంటే దారిపొడుగునా ఫొటోలు తీసుకుని చీకటి దారి ముందుకొచ్చేసరికి బ్యాటరీ ఆరు శాతం మిగలడం నాకు అనుభవం.

తిండి కూడా పెట్టుకోండి, కానీ మూసిన బ్యాగులో. ప్లాస్టిక్ కవరు చేతిలో ఊపుకుంటూ పోతే కొండముచ్చులు ఊరుకోవు. మా వాడి చేతిలోంచి అరటిపండ్ల కవరు ఎంత మర్యాదగా తీసుకుందంటే, వాడే ఇచ్చాడేమో అనుకున్నాం. తిండి అంటే గుర్తొచ్చింది. 1296లో అల్లావుద్దీన్ ఖిల్జీ హఠాత్తుగా దండెత్తి వచ్చినప్పుడు యాదవ రాజు రామచంద్రుడు ఈ కోటలోకి దూరి తలుపులు వేసుకున్నాడు. తీరా విప్పి చూస్తే, ధాన్యం అనుకుని హడావుడిగా పైకి చేర్చిన బస్తాల్లో ఉప్పు ఉందట. కథగానే చెప్పుకుంటారు. మీరు మాత్రం సంచి విప్పి చూసుకుని బయలుదేరండి.

ఎక్కేముందు గుట్టను దూరం నుంచి చూడండి

గేటు దగ్గర దిగగానే లోపలికి ఉరకకుండా రోడ్డు అవతలికి పోయి ఐదు నిమిషాలు గుట్టను చూడండి. దాదాపు 200 మీటర్ల ఎత్తు. పై భాగం మామూలు గుట్టే, పొదలు, వాలు. కింది భాగం మాత్రం నిటారు గోడ. ఆ గోడను ఎవరూ కట్టలేదు. గుట్ట చుట్టూ ఉన్న వాలును చెక్కి పారేసి, దాదాపు 150 అడుగుల ఎత్తున నిలువునా కోసేశారు. దాని అడుగున రాతిలోనే కందకం తొలిచారు. తవ్విన రాయిని గోడలకు వాడుకున్నారు. ఉన్నదాన్ని తీసేస్తూ కోటను తయారుచేసిన పని ఇది. ఇక్కడికి కాస్త దూరంలో ఎల్లోరాలో 8వ శతాబ్దంలోనే కైలాస దేవాలయాన్ని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చినవాళ్ల ప్రాంతం కదా, ఉలి చేతికి కొత్త కాదు.

రాయి గురించి ఒక మాట. మన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు గుట్టలు గ్రానైట్‌వి, గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి. నాందేడ్ దాటి పడమటికి పోయేకొద్దీ అవి మాయమై, తల చదునుగా, పక్కలు మెట్లు మెట్లుగా ఉన్న నల్లటి గుట్టలు మొదలవుతాయి. పగటి రైల్లో పోతే కిటికీలోంచే ఈ మార్పు పట్టుకోవచ్చు. అది బసాల్ట్. 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల పగిలి పొంగిన లావా, ఒక పొర మీద ఇంకో పొర గడ్డకట్టింది. మన నల్లరేగడి ఆ రాయి చివికిన మట్టే. ఈ రాతి ప్రాంతాన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. ఆ ట్రాప్ అనే మాట స్వీడిష్‌లో మెట్టు అనే మాట నుంచి వచ్చింది, ఇంగ్లిష్ ఉచ్చుకు దానికి సంబంధం లేదు. అయినా ఈ ఒక్క గుట్ట విషయంలో ఉచ్చు అనుకున్నా తప్పు లేదు.

దర్వాజాల దగ్గర నుంచి

టికెట్ మన దేశస్థులకు చాలా తక్కువ, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. గైడ్‌ను మాట్లాడుకోవచ్చు. హిందీ, మరాఠీ రెండూ వచ్చినవాళ్లు ఉంటారు, మన దక్కనీ హిందీకి వాళ్లు ఇట్టే కలిసిపోతారు. మొదటిసారైతే మాట్లాడుకోవడమే మంచిదంటాను. చెప్పే కథల్లో సగం మసాలా అయినా, చీకటి దారిలో ఆ మనిషి గొంతు పనికొస్తుంది.

కోట మూడు చుట్లు. అన్నిటికన్నా బయటిది అంబర్‌కోట, దాని లోపల మహాకోట, దాని లోపల గుట్టను ఆనుకుని కాలాకోట. బయటి చుట్టును బస్సులోనే దాటేస్తారు, ఎల్లోరా రోడ్డు ఆ గోడ దర్వాజాలోంచే పోతుంది. బస్సు పట్టీ పట్టనట్టుగా దూరేటప్పుడు గోడ మందం చూసుకోండి.

మహాకోట దర్వాజాలో అడుగు పెట్టాక గమనించాల్సింది మలుపులు. ఒక దర్వాజా దాటితే ఎదురుగా ఇంకోటి ఉండదు. ఎడమకో కుడికో తిరగాలి, మళ్లీ తిరగాలి. తలుపుల మీద ఇనుప ములుకులు. ఏనుగు తలుపును తలతో కొట్టాలంటే పరుగెత్తి రావాలి, పరుగుకు చోటు లేకుండా చేస్తే దాని బలం సగం తగ్గిపోతుంది. మీరు ఏనుగై నడిచి చూడండి, పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది. మా చిన్నది ప్రతి మలుపులో ఘీంకరించింది.

లోపల ఫిరంగులు వరుసగా పెట్టారు, వాటి మధ్య ఎక్కువసేపు వద్దు. ముందున్న దారి పొడుగాటిది, చదునుగా ఉంటుంది, పెద్దవాళ్లు హాయిగా నడవొచ్చు. ఎడమ పక్కన హాథీ హౌద్ అనే పెద్ద నీళ్ల తొట్టి, దాని దగ్గర్లోనే భారతమాత మందిరం. అది 1318లో కుతుబుద్దీన్ ముబారక్ ఖిల్జీ కట్టించిన జామా మసీదు, పాత గుడుల స్తంభాలు అందులో ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక అక్కడ భారతమాత విగ్రహం పెట్టారు. ఒకే మంటపంలో మూడు కాలాలు నిలబడి ఉంటాయి. విశాలమైన వాకిలి, నీడ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఇక్కడ కూర్చోబెట్టి, నీళ్లూ తిండీ వాళ్లకిచ్చి, కలుసుకునే టైము చెప్పి ముందుకు పోండి. రెండోసారి వచ్చినప్పుడు మా అత్తమ్మ ఇక్కడే కూర్చుని, మేం దిగొచ్చేలోపు పర్భణీ నుంచి వచ్చిన ఒకావిడతో పచ్చళ్ల సంగతులన్నీ మాట్లాడేసింది.

ఎదురుగా చాంద్ మీనార్, దాదాపు 210 అడుగులు. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ కట్టించాడు. లోపలికి ఎక్కనివ్వరు. చుట్టూ తిరిగి, అక్కడక్కడా మిగిలిన నీలం పెంకులు చూసి కదలండి.

చీనీ మహల్ దగ్గర మనవాళ్లు ఆగాలి

ఇక్కడ నేను కొంచెం ఆపుతాను, ఎందుకంటే అందరూ దీన్ని దాటేసి పోతారు. మెట్లెక్కి కాలాకోటలోకి పోగానే, పైకప్పు పోయిన, చెప్పుకోదగ్గ ఆకారం లేని ఒక మహలు. గోడల మీద నీలం, తెలుపు పెంకుల ముక్కలు కొన్ని ఉన్నాయి. చీనీ అంటే ఇక్కడ చక్కెర కాదు, పింగాణీ. ఆ పెంకుల వల్లే ఆ పేరు.

గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషాను ఔరంగజేబు ఇక్కడే పెట్టాడు. 1687లో గోల్కొండ పడిపోయింది. పట్టుబడిన తానీషాను ఇక్కడికి తెచ్చారు. దాదాపు పన్నెండేళ్లు బతికి, ఖైదులోనే పోయాడు. భద్రాచలం గుడి కట్టించిన గోపన్నను చెరసాలలో పెట్టించిన తానీషా ఇతనే. మన కథలో రామదాసు చెరలో ఉన్నదీ పన్నెండేళ్లే అని మా బాపు ఆ గోడ పక్కన నిలబడి లెక్కేశాడు. ఆ లెక్క మీద మా ఇంట్లో ఒక గంట వాదన నడిచింది. కథ లెక్క వేరు, చరిత్ర లెక్క వేరు అని నేను, రాముడి లెక్క ఒక్కటే అని ఆయన.

మనకు ఈ కోటతో బంధుత్వమో వైరమో ఇంకా పాతది. దేవగిరిని ఏలిన యాదవుల చేతిలో కాకతీయ రుద్రదేవుడు చనిపోయాడు, బాలుడైన గణపతిదేవుడు వాళ్ల చెరలో పడ్డాడు. 1199 నాటికి వాళ్లే వదిలిపెడితే తిరిగొచ్చి అరవై ఏళ్లకు పైగా ఓరుగల్లును ఏలాడు. తర్వాత 1309లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లు మీదికి పోయినప్పుడు, అప్పటికి ఢిల్లీకి సామంతుడైన రామచంద్రుడు ఆ సైన్యానికి సాయం చేశాడు. 1323లో ప్రతాపరుద్రుణ్ణి పట్టుకున్న ఉలుగ్‌ఖాన్ తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనం ఎక్కి, 1327లో దేవగిరికి దౌలతాబాద్ అని పేరు పెట్టి రాజధాని చేశాడు. ఆ పనికే ఇప్పటికీ మన ఊళ్లో పంచాయతీ బోరింగు చోటు మార్చినా "తుగ్లక్ పని" అంటారు. ఓరుగల్లు కోట చూసినవాళ్లు ఇది కూడా చూస్తే కథ రెండో సగం దొరుకుతుంది.

పొట్టేలు తల, కందకం

చీనీ మహల్ పక్క బురుజు మీద మేంఢా తోప్ ఉంది. మేంఢా అంటే మరాఠీలో పొట్టేలు. ఫిరంగి వెనక కొసన పొట్టేలు తల, మెలితిరిగిన కొమ్ములతో సహా. దగ్గరికి పోయి చూడండి. ఫిరంగి ఒంటి మీద ఫారసీ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటిలో ఔరంగజేబు పేరుంది. కొమ్ముల మీద మాత్రం జనం చేతులు పడీపడీ లోహం మెరుగెక్కింది. నిలువు ఇరుసు మీద కూర్చోబెట్టారు, కావాల్సిన వైపు తిప్పేందుకు. బురుజు అంచున నిలబడి అది ఏ దిక్కును కాపాడుతోందో చూస్తే, మీరు ఇప్పటిదాకా నడిచొచ్చిన దారంతా దాని గురి కిందే ఉందని తెలుస్తుంది.

దిగితే కందకం. మరాఠీలో ఖందక్ అంటారు, ఆ మాట మనకూ వాళ్లకూ ఉమ్మడి ఆస్తి. ఇప్పుడు దాటడానికి వంతెన ఉంది. దాని మీద నుంచి కిందికి చూడండి, పాత రాతి వంతెన కనిపిస్తుంది, మధ్యలో కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కుతుంది. దండు వస్తోందంటే కందకంలో నీళ్లు పెంచేవాళ్లు, వంతెన నడుమ మునిగిపోయేది. ఇంకెటూ దారి లేదు. గుట్టలోకి పోవడానికి ఉన్నది ఈ ఒక్కటే.

వంతెన మీద వెనకాల జనం లేనప్పుడు ఎదుటి రాతి గోడను తీరిగ్గా చూడండి. నాకు ఈ కోటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఉలి గాట్లు వరుసలుగా తేలతాయి, దువ్వెనతో దువ్వినట్టు. రాయిలో చిన్న చిన్న బొక్కలుంటాయి. లావా చల్లబడేటప్పుడు లోపల చిక్కుకున్న గాలిబుడగలు అవి. కొన్నిట్లో తెల్లటి గింజల్లాంటి స్ఫటికాలు నిండి ఉంటాయి. ఆ తెల్ల చుక్క పక్కనే ఉలి గాటు, రెండూ నా అరచెయ్యంత మేర. ఒకటి కోట్ల ఏళ్ల నాటిది, ఇంకోటి ఎవరో ఒక కూలి మధ్యాహ్నం అన్నానికి ముందు వేసింది.

చీకటి దారి

అంధేరీ అంటారు. గుట్ట కడుపులోంచి మెలికలు తిరుగుతూ పైకెక్కే సొరంగం. కొన్నిసార్లు మూసి ఉంచుతారు, తప్పించుకుని పోయే వేరే మెట్లు కూడా ఉన్నాయి. ఆయాసం ఉన్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు, చంకలో పసిపిల్లలున్నవాళ్లు ఆ మెట్లనే పోండి, పైన కలుసుకోవచ్చు. సిగ్గేమీ లేదు. నేను మూడోసారి వచ్చినప్పుడు జలుబుతో అట్లాగే పోయాను.

లోపలికి పోయేవాళ్లు ఇట్లా చేయండి. మొదట గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడి కళ్లు చీకటికి అలవాటు కానివ్వండి. ఒక చెయ్యి గోడ మీద ఆనించండి, తీయకండి. లైటు కాళ్ల ముందు వేయండి, ముందున్నవాళ్ల వీపు మీద కాదు. ప్రతి మెట్టునూ కాలితో తడిమి చూసుకున్నాకే బరువు వేయండి, ఎందుకంటే ఒకటి జానెడుంటే రెండోది మోకాలెత్తు ఉంటుంది. అట్లా కావాలనే చెక్కారంటారు, లెక్క తప్పినవాడు పడాలని. పిల్లలు మధ్యలో, ముందొక పెద్ద, వెనకొక పెద్ద. ముక్కుకు రుమాలు కట్టుకోండి, గబ్బిలాల కంపు గట్టిగానే ఉంటుంది. లైటు కప్పు మీదికి ఎత్తి వాటిని లేపకండి, అరవకండి. కుర్రాళ్ల గుంపు ఒకటి తప్పకుండా అరుస్తుంది, వాళ్లను ముందుకు పోనిచ్చి మీరు ఆగండి.

నడుమ ఒకచోట వెలుతురు కనిపిస్తుంది. దారి అనుకుని అటు పోయిన శత్రువు జారి కందకంలో పడేవాడని గైడ్‌లు చెప్తారు, కందకంలో మొసళ్లుండేవని కూడా కలుపుతారు. మొసళ్ల మాట ఎట్లున్నా, ఆ వెలుతురు వైపు మీ కాలు దానంతటదే పోవడం మీకే తెలుస్తుంది.

సొరంగం పై కొసన ఇంకో ఏర్పాటు. దారి బయటికి తెరుచుకునే చోట ఇనుప మూత వేసి దాని మీద నిప్పు రాజేసేవాళ్లు. పక్కన రాతిలో గాలి పోవడానికి కన్నం చెక్కి ఉంది, ఆ గాలికి మంట రాజుకుని వేడీ పొగా కిందికి, సొరంగంలో ఉన్నవాళ్ల మీదికి పోయేవి. కింద మునిగిన వంతెన, పైన కాలే మూత. ఈ కోటను నేరుగా ఎక్కి గెలిచినవాళ్లు లేరని ఊరికే అనరు. 1633లో మొగలుల సేనాని మహాబత్‌ఖాన్ కూడా నాలుగు నెలలు చుట్టుముట్టి, బయటి గోడలను మందుపాతరలతో పేల్చి, లోపలివాళ్లకు తిండి అయిపోయాకే తీసుకున్నాడు.

14వ శతాబ్దంలో ఇటు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇక్కడి చెరలో ఎలుకలు పిల్లులకన్నా పెద్దవని, పిల్లులే వాటికి భయపడేవని రాసుకున్నాడు. సొరంగంలో ఉండగా పిల్లలకు ఈ మాట చెప్పకండి. నేను చెప్పాను, మా చిన్నది మిగతా దారంతా నా భుజాల మీదే ఎక్కింది.

పైకి, మళ్లీ కిందికి

బయటపడ్డాక చాలామంది ఇదే శిఖరం అనుకుని వెనక్కి తిరుగుతారు. కాదు, ఇంకా మెట్లున్నాయి. అయితే ఇక్కడి నుంచి గాలి ఆడుతుంది. దారిలో చిన్న గణపతి గుడి, అక్కడ ఆగి నీళ్లు తాగండి. తర్వాత బారాదరి, షాజహాన్ కాలపు భవనం. కిటికీల దగ్గర కూర్చుంటే చాంద్ మీనార్ పిల్లవాడు నేలలో పాతిన కర్రలా కనిపిస్తుంది. నిజానికి చాలామంది కాళ్లు ఇక్కడితో చాలంటాయి, ఆగిపోయినా పోయిందేమీ లేదు. ఓపిక ఉంటే ఇంకో పదిహేను నిమిషాలు. పైన ఒక ఫిరంగి, ఇంకా జనార్దన స్వామి గుహ ఉన్నాయి. మరాఠీ భక్తకవి సంత్ ఏక్‌నాథ్‌కు గురువు ఆయన, ఈ కోటకే కిల్లాదారు, అంటే కోట అధికారి. యుద్ధసామగ్రి లెక్కలు చూసుకునే మనిషి దగ్గర ఏక్‌నాథ్ భాగవతం నేర్చుకోవడం నాకు వింతగానే ఉంటుంది. పాదుకలకు దండం పెట్టుకుని పోయే మరాఠీ భక్తులు ఎప్పుడూ నలుగురుంటారు.

ఎక్కడానికి గంటన్నర నుంచి రెండు గంటలు, దిగడానికి గంట పెట్టుకోండి. దిగేటప్పుడే మోకాళ్లకు కష్టం, మెట్టుకు అడ్డంగా పాదం వేసి దిగండి. చీకటి దారిలో దిగడం ఎక్కడంకన్నా ప్రమాదం. వచ్చేటప్పుడు పక్క మెట్లే వాడండి.

బయట గేటు ముందు కాలాన్నిబట్టి జామకాయలో సీతాఫలాలో అమ్ముతుంటారు. జొన్నరొట్టె, పిఠ్లా (శనగపిండి కూర) దొరికితే ఇంకేం వద్దు. ఓపిక మిగిలితే మధ్యాహ్నం ఖుల్దాబాద్ పోండి, భద్ర మారుతి గుడి, ఔరంగజేబు సమాధి, అహ్మద్‌నగర్ సేనాని మాలిక్ అంబర్ సమాధి అక్కడే ఉన్నాయి. తానీషాను కూడా ఆ ఊళ్లోనే పాతిపెట్టారు. ఖైదు చేసినవాడూ ఖైదయినవాడూ ఒకే ఊరి మట్టిలో. మా బాపు తానీషా సమాధి వెతికి మరీ చూశాడు, రెండు జామకాయలు అక్కడి పిల్లలకిచ్చి వచ్చాడు. ఎల్లోరా పక్కనే ఉన్న జ్యోతిర్లింగం ఘృష్ణేశ్వరుని దర్శనం మరునాటి ఎల్లోరాతో కలపండి.

జామకాయలు ఇంటికి కొనాలంటే మాత్రం కోట దిగాకే కొనండి, బస్సు వచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. కొండముచ్చులు గేటు బయటిదాకా వస్తాయి.